తిరిగి వచ్చే వేళ

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికే నాకు ఇరవై ఏళ్లుగా లెక్కలతో పని పడలేదు. ఇంటి లెక్కలు మా ఆవిడే చూసుకుంటుంది. అలాంటివాణ్ణి మొన్న సంక్రాంతి సెలవుల్లో కాగితమూ పెన్సిలూ ముందేసుకుని గంటలూ నిమిషాలూ కూడుకుంటూ కూర్చోవలసి వచ్చింది. కారణం మా అమ్మాయి.

డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతోంది. పరీక్షలయ్యాక స్నేహితురాళ్లతో కలిసి హేమకుండానికి పోతానంది. హేమకుండమంటే ఉత్తరాఖండంలో 4,300 మీటర్లకు పైన, మంచుకొండల నడుమ ఉన్న సరస్సు. ఒడ్డున సిక్కుల గురుద్వారా, లక్ష్మణుడి గుడి ఉన్నాయి. ఏనాడో హిమనదాలు కొండను గిన్నెలా తొలిచి వెళ్లిపోతే, ఆ గిన్నెలో నిలిచిన నీళ్లే ఇలాంటి సరస్సులు. కింద ఘాంఘ్రియా అనే చోటునుంచి నడిచి పోవాలి. పైన రాత్రి ఉండనివ్వరు. పొద్దున్నే ఎక్కాలి, మధ్యాహ్నానికి తిరుగుముఖం పట్టాలి.

"ఆరు కిలోమీటర్లే గదా నాన్నా! మదనపల్లె బజారులో చీరలకోసం అమ్మ అంతకంటే ఎక్కువ తిరుగుతుంది," అంది.

మా ఆవిడ నావైపు చూసింది. నేను మాట్లాడలేదు. నా మౌనానికి పాత కారణమొకటి ఉంది.

ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో నేనూ ఒక స్నేహితుడూ పుంగనూరు పక్కనున్న ఒక గుట్ట ఎక్కాం. మధ్యాహ్నం మూడింటికి బయలుదేరాం. చేతిలో నీళ్లు లేవు, దీపం లేదు, ఇంట్లో చెప్పిన పాపాన పోలేదు. శిఖరం ఇదిగో అంటే అదిగో అంటూ పోయాం. దిగేటప్పుడు చీకటి పడింది. స్నేహితుడి కాలు బెణికింది. రాత్రంతా బండమీద కూర్చున్నాం. తెల్లవారుజామున మా నాన్న లాంతరు పట్టుకుని వచ్చాడు. తిట్టలేదు, కొట్టలేదు. నీళ్ల చెంబు చేతికిచ్చాడు. ఏదో అనబోయాడు గానీ గొంతు పెగల్లేదు. రాత్రంతా మమ్మల్ని పిలిచి పిలిచి బొంగురుపోయిన గొంతు అది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

అందుకే వద్దనీ అనలేక, సరేననీ అనలేక, "ముందు మన కొండ ఎక్కి చూపించు," అన్నాను.

మన కొండంటే హార్స్‌లీ కొండ. 1870 ప్రాంతాల్లో కడప కలెక్టరు హార్స్‌లీ దొర చల్లదనానికి మురిసి అక్కడ ఇల్లు కట్టుకోవడంతో ఆ పేరు వచ్చింది. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయని పెద్దలు చెబుతారు. ఆ పిల్ల కొండెక్కేముందు తండ్రి అనుమతి అడిగినట్టు మాత్రం ఎవరూ చెప్పరు. పైన మల్లమ్మ గుడి, గంగోత్రి అని పిలుచుకునే చెరువు ఉన్నాయి. మంచు లేని సీమలో మనకదే హేమకుండం.

ఇక లెక్క. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు దొర ఒక సూత్రం చెప్పాడు. ప్రతి ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఆపైన ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. మేమెంచుకున్న అడుగుదారి సుమారు ఆరు కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు 500 మీటర్ల పైచిలుకు. రెండు గంటలన్నమాట. హేమకుండానికీ దూరం ఆరే, ఎత్తు మాత్రం రెండింతలకు మించి. అక్కడ గాలి పలచన. 2,500 మీటర్లు దాటాక కొందరికి తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. ముదిరితే కిందికి దిగడమే మందు. ఆ లెక్కకు ఏ సూత్రమూ చాలదు.

ఇంతలో కుప్పం నుంచి పండక్కి వచ్చిన మా బావ, "నేనూ వస్తా," అన్నాడు. మా ఆవిడకు అన్నగారు కాబట్టి కాదనలేం. ఆయన మోకాళ్లకోసం రెండు గంటల్ని నాలుగు చేశాను. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, చిత్రాన్నం, చెనిక్కాయ ఉండలు, టార్చిలైటు, కట్టు గుడ్డ. ఆరింటికి బయలుదేరడం. పదిన్నరకు ఎక్కడున్నా సరే వెనక్కి తిరగడం. పైన బస్సు ఉందన్న సంగతి లెక్కలోకి రాకూడదు. ఇదీ నిబంధన. కాగితం అమ్మాయి చేతికిచ్చి, "ఇవాళ పెద్దవి నువ్వే," అన్నాను.

మంచు విడిపోకముందే నడక మొదలైంది. మొదటి గంట బావ కబుర్లు చెప్పాడు. రెండో గంట నేను చెప్పాను. మూడో గంట ఎవరూ చెప్పలేదు. బావ రాయి కనబడితే చాలు కూలబడుతున్నాడు. అమ్మాయి విసుక్కోలేదు, ఆయన సంచీ కూడా తనే భుజానికి తగిలించుకుంది. పదిన్నరయ్యేసరికి పైనున్న చెట్లు కనబడుతున్నాయి, బస్సు హారను వినబడుతోంది.

"ఇంకో అరగంట పాపా! గంగోత్రి చూసి, బస్సెక్కి దర్జాగా దిగుదాం," అన్నాడు బావ.

నేను పెదవి కదపలేదు. నిజం చెప్పాలంటే నాకూ పైకి పోవాలనే ఉంది.

అమ్మాయి గడియారం చూసుకుంది. ఒకసారి పైకి చూసింది. "హేమకుండం దగ్గర బస్సుండదు మామా," అని సంచులు సర్దుకుని కిందికి తిరిగింది.

దిగేటప్పుడు నా కళ్లు చెమర్చిన సంగతి బావ కనిపెట్టాడు. ఎండ అన్నాను.

నాలుగు రోజులకు మోకాళ్లు నెమ్మదించాక ఆయన బస్సులో పోయి గంగోత్రి చూసొచ్చాడు. నీళ్లు బాగానే ఉన్నాయట.

హేమకుండం ప్రయాణానికి నేనే కొత్త కాగితం రాసిచ్చాను. ఘాంఘ్రియాలో చేరిన మర్నాడు విశ్రాంతి, ఆ తరువాతే ఎక్కడం, తల నొస్తే దిగడం అన్నీ రాశాను. 'తిరిగే వేళ' అన్నచోట మాత్రం ఖాళీ వదిలాను. ఆ గంట తను వేసుకుంటుంది.