ఫీజు ఉండదని చెప్పాను

"మన ఎస్టీ పిల్లలకు ఫీజు ఉండదమ్మా, ధైర్యంగా వెళ్ళు." ఈ మాట నేనే అన్నాను. 2021లో, మా బడి వరండాలో నిలబడి. ఎదురుగా ఉన్నది నా దగ్గర ఒకటో తరగతి నుంచి ఐదు దాకా చదివిన పిల్ల. బీఎస్సీ పాసయింది, సీపీగెట్ రాసింది, ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో సీటు వచ్చింది. మా గుంపులో అప్పటిదాకా ఎవరూ ఎమ్మెస్సీ అన్న మాట కూడా పలికింది లేదు. మాకు తెలిసిన పెద్ద చదువులు రెండే: టీచరు ట్రైనింగు, నర్సు ట్రైనింగు.

తండ్రీకూతుళ్ళు తెల్లవారుజామున బస్సెక్కి వరంగల్ వైపు వెళ్ళారు. ఆయన దగ్గర తునికాకు డబ్బుల్లో మిగిలిన 4 వేలున్నాయి. కాలేజీలో 30 వేలకు పైగా కట్టమన్నారు. "ఎస్టీలకు ఉండదంట కదా" అని ఆ పిల్ల అడిగితే, ఇది సెల్ఫ్ ఫైనాన్స్ సీటు, ముందు కట్టండి, గవర్నమెంటు ఇచ్చినంత తర్వాత తీసుకోండి అన్నారట. గడువు మూడు రోజులు. సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేశారు.

ఈ సంగతి నాకు వారం తర్వాత తెలిసింది. "నాకు ఫోన్ ఎందుకు చేయలేదన్నా?" అని అడిగాను. "నువ్వు లేదన్నావు, వాళ్ళు ఉందన్నారు. మళ్ళీ నిన్ను డబ్బులడగటానికి నోరు రాలేదు టీచరమ్మా" అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. కోప్పడితే బాగుండేది. ఆ పిల్ల ఆ చలికాలం తల్లితో కలిసి మిరపకాయలు కోయడానికి వెళ్ళింది, తర్వాతి ఏడాది పెళ్ళయింది.

నేను అబద్ధం చెప్పలేదు. నాకు తెలిసింది చెప్పాను. తెలిసింది ఎంతంటే, నేను చదివినంత. గురుకులంలో ఇంటర్ బైపీసీ, ఆ తర్వాత డైట్‌లో టీటీసీ. రెండుచోట్లా హాస్టలు, పుస్తకాలు, తిండి అన్నీ ప్రభుత్వమే చూసుకుంది. నిజానికి నాకూ కెమిస్ట్రీ అంటే ఇష్టం. ల్యాబులో ఉప్పు కనుక్కునే ప్రాక్టికల్ రోజున అన్నం కూడా మర్చిపోయేదాన్ని. కానీ అప్పుడే జీవో 3 వచ్చింది. 2000 జనవరిలో. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని. ఆ దారి ఎదురుగా కనపడుతుంటే ఇంకోవైపు ఎవరు చూస్తారు? ఆ జీవో వల్లే నా ఇంట్లో పొయ్యి వెలిగింది, తమ్ముళ్ళు చదివారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అంటే నేను నడిచిన దారి నా పిల్లలకు అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. అయినా నేను పాత దారి లెక్కలే వాళ్ళకు చెబుతున్నాను.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత తెలుసుకున్నాను. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఆ పిల్ల నన్నే పక్కన కూర్చోబెట్టుకుంది. దగ్గరగా ఉన్న కాలేజీని ముందు పెట్టు, బస్సు ఖర్చు తగ్గుతుంది అన్నాను. అదే కోర్సు రెగ్యులర్‌గా ఒకటి, సెల్ఫ్ ఫైనాన్స్‌గా ఒకటి ఉంటుందని, రెండింటి ఫీజుకూ పొంతన ఉండదని, రీయింబర్స్‌మెంట్‌కు ఒక హద్దు ఉంటుందని నాకు తెలియదు. దూరమైనా యూనివర్సిటీలో రెగ్యులర్ సీటు అడిగి ఉండాల్సింది. బస్సు ఛార్జీ దగ్గర పొదుపు చేయబోయి సీటే పోగొట్టాను.

2023లో మా అన్నయ్య కూతురి వంతు వచ్చింది. ఈసారి డిగ్రీ చివరి ఏడాది మొదట్లోనే నోటుబుక్ తీశాను. జామ్ అని ఐఐటీల ఎమ్మెస్సీ పరీక్ష ఉంది. దరఖాస్తు సెప్టెంబరు, అక్టోబరుల్లో, పరీక్ష ఫిబ్రవరిలో. మన పిల్లలకు, ఆడపిల్లలకు దరఖాస్తు ఫీజు సగమే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటివాటికి సీయూఈటీ పీజీ, పరీక్ష మార్చి ప్రాంతంలో. మన రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్, అది వానాకాలంలో. డిగ్రీ అయిపోయాక ఇంటికొచ్చి "ఇప్పుడేం చేయాలి టీచర్" అని అడిగేసరికి మొదటి రెండూ దాటిపోయి ఉంటాయి. మన పిల్లలు మార్కులు రాక ఓడిపోవడం కంటే తేదీ తెలియక ఓడిపోవడమే నేను ఎక్కువ చూశాను.

అన్నయ్య ఒప్పుకోలేదు. "బీఈడీ రెండేళ్ళు, ఇదీ రెండేళ్ళు. దాంట్లో టీచరవుతుంది, దీంట్లో ఏమవుతుంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వాడి ప్రశ్న తప్పని ఇప్పటికీ అనను. మేనకోడలే చెప్పింది: "నాన్నా, అత్త చదవాలనుకున్నది నేను చదువుతా." నేనెప్పుడు చెప్పానో నాకు గుర్తులేదు.

తర్వాత కాగితాలు. టీచర్లు ఈ భాగం కొంచెం నిదానంగా చదవాలి. పదో తరగతి మెమోలో మా ఇంటిపేరు ఇంగ్లీషులో ఒక రకంగా ఉంది, ఆధార్‌లో ఒక 'హెచ్' ఎక్కువుంది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు వెనక్కి పోయింది. కుల ధ్రువీకరణ పత్రంలో నాలుగో రకం. స్కాలర్‌షిప్ దరఖాస్తు కంప్యూటరు వీళ్ళు నలుగురు అనుకుంటుంది. మీసేవకు, తహసీల్దార్ ఆఫీసుకు, బ్యాంకుకు తిరగడానికి మాకు రెండు నెలలు పట్టింది. మూడు రోజులు అన్నయ్య పత్తి పని మానుకున్నాడు. ఈ చిక్కంతా ఎక్కడ మొదలైందని వెతుక్కుంటూ పోతే బడి అడ్మిషన్ రిజిస్టరు దగ్గర తేలింది. ఒకటో తరగతిలో చేర్చుకున్నప్పుడు టీచరు తనకు వినపడినట్టు రాసింది. ఆ చేతిరాత నాదే. మన ఇంటిపేర్లు మనకే సరిగ్గా రాయడం రాకపోతే ఇక ఎవరిని అంటాం? అప్పటినుంచి కొత్త పిల్లను చేర్చుకుంటే ఆధార్ చూసి, తల్లిని అడిగి, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ పైకి చదివి రాస్తున్నాను.

జామ్‌లో, సీయూఈటీలో రాలేదు. తెలుగు మీడియం పిల్ల, ప్రశ్నలు ఇంగ్లీషులో. సీపీగెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. యూనివర్సిటీలో రెగ్యులర్ సీటు. ఎస్టీ రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతమైంది కదా, 40 సీట్లుంటే మనవి నాలుగు. ఆ నాలుగులో ఒకటి మా పిల్లది.

అయినా మొదటి రోజు డబ్బు కావాలి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వస్తుంది, నిజమే. కానీ అది వచ్చేది తర్వాత. అడ్మిషన్ రోజున చిల్లర ఫీజులు, హాస్టల్ డిపాజిట్, మెస్ అడ్వాన్సు, దుప్పటి, బకెట్టు, ల్యాబ్ కోటు, అన్నీ కలిపి మాకు 17 వేలైంది. స్కాలర్‌షిప్ డబ్బు చేతికొచ్చింది పద్నాలుగో నెలలో. ఆ మధ్య కాలమే అసలు పరీక్ష. ఆ మధ్యలోనే వడ్డీ వ్యాపారి ఉంటాడు, పెళ్ళి సంబంధం ఉంటుంది, మిరప తోట ఉంటుంది.

మండలంలో ఏడుగురు ఆదివాసీ టీచర్లం కలిసి తలా 3 వేలు వేసుకున్నాం. 21 వేలు. దానికి పేరు పెట్టలేదు, బ్యానర్ లేదు. షరతు ఒకటే: స్కాలర్‌షిప్ వచ్చాక తిరిగి వేయాలి, ఇంకొకరికి పోతుంది. మా మేనకోడలు వేసింది. తర్వాత తీసుకున్న అబ్బాయి ఒకడు ఇంకా వేయలేదు. కనపడితే పక్క దారిన పోతున్నాడు. నాకూ అడగబుద్ధి కాదు.

నాకు అన్నింటికంటే ఆశ్చర్యం కలిగించింది ఎమ్మెస్సీ తర్వాతి సంగతి. పీహెచ్‌డీ అంటే ఇంకా పెద్ద ఖర్చనుకున్నాను. అక్కడ లెక్క తిరగబడుతుంది. వాళ్ళే నెలనెలా ఇస్తారు. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఏటా 750 మంది ఎస్టీ పరిశోధక విద్యార్థులకు నేషనల్ ఫెలోషిప్ ఇస్తుంది. మొదటి రెండేళ్ళు నెలకు 37 వేలు, ఆ తర్వాత 42 వేలు. దీనికి నెట్ పాస్ కావాలని లేదు. పీజీ మార్కులు చూస్తారు, పీహెచ్‌డీలో చేరి ఉండాలి. విదేశాల్లో చదవడానికి వేరే స్కాలర్‌షిప్ ఉంది, దేశం మొత్తానికి ఏడాదికి 20 మందికి. ఈ అంకెలు మా అన్నయ్యకు చెబితే రెండుసార్లు అడిగాడు. "చదువుకుంటే వాళ్ళే ఇస్తారా? నెలనెలా?" ఇది కూడా ఆలస్యమవుతుందని, నెలల తరబడి ఆగి ఒకేసారి పడుతుందని అక్కడి పిల్లలు చెబుతున్నారు. కాబట్టి ఆ ఏడుగురి డబ్బు అక్కడా అవసరమే. మేనకోడలు ఇప్పుడు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలకు తిరుగుతోంది. ఒకచోట రాలేదు. రెండోచోట ఫలితం రావాలి.

మొన్న ఇప్పపూల రోజుల్లో, సాయంత్రం, ఆ మొదటి పిల్ల మా ఇంటికి వచ్చింది. చంకలో రెండేళ్ళ కొడుకు. చేతిలో అదే ప్లాస్టిక్ కవరు, అవే సర్టిఫికెట్లు. ఒక మూల ఎలుక కొరికింది. భర్త ఒప్పుకున్నాడంది. పిల్లాణ్ణి అమ్మ చూసుకుంటుందంది. నాలుగేళ్ళు ఖాళీ వచ్చింది, తీసుకుంటారా అని అడిగింది. జామ్‌కు వయసు పరిమితి లేదు, సీపీగెట్ నోటిఫికేషన్ రాగానే ఇద్దరం కూర్చుని చదువుదాం అన్నాను.

లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"టీచర్, ఈసారి మొదటి రోజు ఎంత కట్టాలి?"

మళ్ళీ కూర్చోమని, నోటుబుక్ తెచ్చి, ఆ 17 వేల లెక్క ఒక్కో వరుసా చదివి వినిపించాను.