గీతకు ఎందుకు చెప్పలేదు?

1997లో దూరదర్శన్‌లో మొదలైన ‘శక్తిమాన్’ 2005 దాకా వచ్చింది. ద్రాక్షారామంలో మా ఇంట్లో ఎవరికీ హిందీ సరిగా రాదు. అయినా ఆదివారం వచ్చిందంటే అందరం టీవీ ముందే. తమ్ముళ్లకు డాక్టర్ జైకాల్ ప్రయోగాలు కావాలి. అక్కకూ మామ్మకూ మాత్రం గీతా విశ్వాస్ సంగతే.

విలేకరి గీతకు శక్తిమాన్ అంటే ప్రాణం. అదే మనిషి కళ్లజోడు, ఎత్తుపళ్లతో గంగాధర్‌గా పక్కనే తిరుగుతుంటే ఆనవాలు పట్టదు. ముఖేష్ ఖన్నాయే రెండు వేషాలూ వేశాడు. గీతగా మొదట కిటూ గిద్వానీ, తర్వాత వైష్ణవీ మహంత్ వచ్చారు. మా ఇంట్లో వాదన మాత్రం మారలేదు.

‘‘అల్లుడి వేషం చూసి తక్కువ చేసిన దక్షుడి యజ్ఞం ఏమైందే? మన ఊళ్లోనే జరిగిందంటారు కదా! గీతదీ అదే తప్పు’’ అనేది మామ్మ, భీమేశ్వరుడి గుడి వైపు దణ్ణం పెట్టుకుంటూ.

అక్క ఒప్పుకునేది కాదు. ‘‘దాచింది అతనైతే తప్పు ఆ పిల్లదా? చెబితే తట్టుకోలేదా?’’

‘‘లోకం మంచి కోసం దాచాడు’’ అని నేను గంగాధర్ పక్షం. కళ్లజోడు నాకూ ఉండేది మరి!

చాలా ఏళ్లకు నా ఉద్యోగం పోయింది. మా ఆవిడకు చెప్పలేదు. మూడు నెలలు రోజూ క్యారేజీ పట్టుకుని బయల్దేరేవాణ్ని. తెలిసిన రోజు ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. ‘‘చెబితే తట్టుకోలేననుకున్నారా?’’ అంది.

అచ్చం అక్క మాటే. ఈసారి నా దగ్గర జవాబు లేదు. ఆ పూట క్యారేజీ విప్పి ఇద్దరం పంచుకుని తిన్నాం.