గోడమీద తునికి కొమ్మ

గత వేసవిలో మేము అన్నదమ్ములమిద్దరము బంధువుల వివాహమునకు సామర్లకోట వెళ్ళాము. కాకినాడ వెళ్ళేవారు రైలు మారే జంక్షనుగానే ఆ ఊరు మాకు తెలుసు. వివాహమైన తరువాత మా బావ ఇంట్లో ఒక పూట ఉన్నాము. ముందుగదిలో వాక్యపు క్యాలెండర్ ప్రక్కన అద్దము కట్టించిన పాత బొమ్మ ఒకటి ఉన్నది.

"ఇదేమి చెట్టో చెప్పండి చూద్దాం," అన్నాడు బావ.

దగ్గరకు వెళ్ళి చూచి ఇద్దరమూ మౌనంగా ఉండిపోయాము. అది తునికి. మా చిన్నతనములో అమ్మ రంపచోడవరం వైపు అడవిలో తునికి పండ్లు ఏరి, గంపకెత్తుకొని సంతలో అమ్మేది. ఆ డబ్బుతోనే మా పుస్తకాలు కొన్నది. తోటి పిల్లలు మమ్మును "తునికిపండ్లోళ్ళు" అని ఎగతాళి చేసేవారు. అమ్మ గంపతో ఎదురైతే మేము ప్రక్క సందులోనికి తప్పుకొన్న రోజులున్నవి. పెద్దవారమై ఇల్లు కట్టుకొన్నాక మా గోడకు ఆపిల్, ద్రాక్ష పండ్ల బొమ్మలే తగిలించాము.

బావ ఆ బొమ్మ సంగతి చెప్పాడు. విలియం రాక్స్‌బరో అనే వైద్యుడు 1781 నుండి 1793 వరకు సామర్లకోటలో ఉండి, ఇక్కడ తోట వేసి, మిరియాలు మొదలైనవి పెంచి చూశాడట. మన ప్రాంతపు చిత్రకారులను జీతమిచ్చి నియమించి, చెట్లను చూచి గీయించి, వాటి తెలుగు పేర్లు కూడ వ్రాసికొన్నాడు. వాటిలో 300 బొమ్మలు కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథముగా 1795 నుండి 1820 వరకు లండనులో మూడు సంపుటములుగా వెలువడినవి. అప్పట్లో రేకుపై చెక్కి అచ్చువేసి, చేతితో రంగులద్దేవారు. పువ్వు, కాయ, గింజ వేరువేరుగా చూపుట ఇటువంటి చిత్రాల పద్ధతి.

మన సంఘములకు బాగుగా తెలిసిన మిషనరీ విలియం కేరీ ఈ రాక్స్‌బరోకు స్నేహితుడు. ఆయన కలకత్తా తోటలోని మొక్కల పట్టికను కేరీ 1814లో సేరంపూరు ముద్రణాలయములో అచ్చువేయించాడు. ఆయన మరణానంతరము మొక్కల గ్రంథమును కూడ 1820 నుండి వెలువరించాడు.

ఆ పాత పుటలు నేడు ఇంటర్నెట్‌లో ఉచితముగా దొరుకుచున్నవి. బావ తన బొమ్మను ఫోటో స్టూడియోలో మందపు కాగితంపై వేయించాడట. మేమును అట్లే చేయించాము. ఎండ నేరుగా పడితే రంగు వెలిసిపోవును, చెమ్మగోడకు ఆనితే కాగితము బూజు పట్టును. అందుచేత లోపలి గోడకు, ఫ్రేము వెనుక కొంచెము గాలి ఆడునట్లు తగిలించాము. ఆపిల్ బొమ్మ తీసివేశాము.

అమ్మకు ఇప్పుడు చూపు మందగించినది. ఆమెను తీసికొనివచ్చి బొమ్మ ముందు నిలబెట్టాము. వ్రేలితో ఆకును తడిమి, "మన తునికే! ఇంత ఓపికగా గీసినదెవరురా?" అని అడిగింది.

ఆ చిత్రకారులలో చాలామంది పేర్లు ఎవరూ వ్రాసి ఉంచలేదు. అదే చెప్పాము.

"పోనీలే, పని నిలిచింది గదా," అన్నది.

ఆ రోజు మేము అమ్మను సందులో తప్పుకొన్న సంగతి ఒప్పుకొని క్షమాపణ అడిగాము. ఆమె నవ్వి, "నాకు అప్పుడే తెలుసులే" అన్నది.

ప్రియ చదువరులారా, మీ గోడమీద మీ ఊరి పండు ఒకటి ఉండనివ్వండి. దాని పేరు, దానిని ఏరి తెచ్చిన చేతుల కథ మీ పిల్లలకు చెప్పండి.