57 ఓడింది, 51 గెలిచింది

కాన్సస్ సిటీలో స్టేట్ లైన్ రోడ్ అని ఒక రోడ్డుంది. దానికి తూర్పున మిస్సోరీ, పడమరన కాన్సస్. మేం పడమర వైపు ఉంటాం, నా ఫ్రెండ్ వాళ్లు తూర్పు వైపు. ఇద్దరం ఒకే ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు కొంటాం.

2022 జూన్ 24న సుప్రీంకోర్టు రో వర్సెస్ వేడ్ తీర్పుని కొట్టేసింది. ఆ రోజే మిస్సోరీలో అబార్షన్ నిషేధం అమల్లోకొచ్చింది. ఆగస్టు 2న కాన్సస్‌లో ఓటింగ్. రాష్ట్ర రాజ్యాంగంలో అబార్షన్ హక్కు లేదని రాద్దామన్న సవరణని దాదాపు 59 శాతం మంది కాదన్నారు. చూస్తే రెండూ రిపబ్లికన్ల రాష్ట్రాలే.

అప్పటికి నా ఫ్రెండ్‌కి మూడో నెల. "స్కాన్‌లో ఏమన్నా తేడా వస్తే మీ ఇంటికొచ్చేస్తా" అంది. నవ్వుతూనే అంది. నేను మాత్రం పై గదిలో మంచం మీద దుప్పట్లు మార్చి పెట్టాను. అదృష్టం, అవసరం రాలేదు. పాప పుట్టింది.

"ఇదేం చోద్యమే, మన దగ్గర ఎప్పట్నుంచో ఉందిగా?" అంది ఖమ్మం నుంచి అమ్మ. నిజమే, 1971 నుంచి ఉంది. పార్లమెంటు చేసిన చట్టం కాబట్టి ఖమ్మం దాటి ఎన్టీఆర్ జిల్లాలో అడుగుపెడితే మారిపోదు. కానీ అది ఆడవాళ్లకిచ్చిన హక్కు కన్నా డాక్టర్లకిచ్చిన అనుమతి. పెద్దవాళ్లయిన ఆడవాళ్లకి భర్త సంతకం అక్కర్లేదని చట్టం చెప్తున్నా, "మీ ఆయన్ని తీసుకురామ్మా" అనే మాట మనలో ఎంతమంది వినలేదు?

ఇక్కడ ఓటుతో తేల్చుకోవచ్చంటారు. 2024 నవంబర్‌లో పది రాష్ట్రాల్లో ఓటు పెడితే, ఏడింట్లో హక్కు గెలిచింది. మిస్సోరీలో 51.6 శాతంతో నెగ్గింది. ఫ్లోరిడాలో 57 శాతం మంది కావాలన్నా ఓడింది, అక్కడ 60 రావాలి కాబట్టి. ఒహాయోలో 2023లో హక్కు మీద ఓటింగ్‌కి మూడు నెలల ముందు ఆ గీతని 60కి జరపాలని చూశారు. జనం ఒప్పుకోలేదు. టెక్సస్‌లోనైతే జనం సంతకాలు సేకరించి ఇలాంటి ప్రశ్నని బ్యాలెట్ మీదకి తెచ్చే దారే లేదు. డాలస్‌లో ఉన్న మనవాళ్లకి సిటిజన్‌షిప్ ఉన్నా, దీని మీద నేరుగా వేయడానికి ఓటు లేదు.

రాష్ట్రాలకే వదిలేశాం అన్నారు గానీ, ఢిల్లీ లాగే వాషింగ్టన్ కూడా ఊరికే కూర్చోదు. ఎమర్జెన్సీలో వచ్చిన పేషెంటుని పరిస్థితి కుదుటపడేదాకా చూడాల్సిందేనని 1986 నాటి ఫెడరల్ చట్టం. అందులో అబార్షన్ కూడా వస్తుందని ఐడహో మీద కేసు వేసింది ఒక ప్రభుత్వం. సుప్రీంకోర్టు 2024లో అసలు సంగతి తేల్చకుండానే వెనక్కి పంపింది. 2025లో కొత్త ప్రభుత్వం ఆ కేసే వదిలేసుకుంది. చట్టంలో అక్షరం మారలేదు, దాని అర్థం చెప్పేవాళ్లు మారారు. రక్తస్రావంతో వచ్చిన మనిషి ముందు నిలబడ్డ డాక్టరు ఇవన్నీ లెక్కేసుకోవాలి.

అందుకే ఓటుతో వచ్చిన హక్కంటే నాకు సంతోషమూ ఉంది, భయమూ ఉంది. ఓటుతో వచ్చింది ఓటుతో పోవచ్చు. మిస్సోరీలో గెలిచిన సవరణని రద్దు చేసే ప్రతిపాదనని 2026 నవంబర్ ఓటింగ్‌కి పెట్టాలని అక్కడి శాసనసభ 2025లోనే తీర్మానించింది.

నాది వీసా బతుకు, ఓటు లేదు. నా ఫ్రెండ్ మాత్రం సిటిజన్ అయింది. ఆ రోజు లైన్ ఎంత పొడుగున్నా నిలబడతానంది. పాపని నేను చూసుకుంటానన్నాను.