పన్నెండు మంది కొత్తవాళ్లు, ఒక నవంబర్

మీకు ప్రాణమైన టీమ్ ఒకటి ఉందనుకోండి. ఉన్నట్టుండి కోచ్ వెళ్లిపోయాడు. ఆటగాళ్లలో ఒక్కడూ మిగల్లేదు. జెర్సీ అదే, స్టేడియం అదే, పైన వేలాడే పాత కప్పుల బ్యానర్లు అవే. లోపల మనుషులు మాత్రం మొత్తం కొత్త. ఇప్పుడు చెప్పండి, అది ఇంకా మీ టీమేనా?

2024లో కెంటకీ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ అభిమానులకి ఈ ప్రశ్న నిజంగానే ఎదురైంది. వాళ్లలో నేనూ ఒకణ్ని. లెక్సింగ్టన్‌లో ఎమ్మెస్ చేశాను కాబట్టి ఆ నీలం రంగు నాకూ అంటుకుంది. అంటుకున్న టైమే దారుణం. నేను చదివే రోజుల్లో, 2020-21 సీజన్‌లో, మా టీమ్ 9 మ్యాచులు గెలిచి 16 ఓడింది. ఎనిమిదిసార్లు జాతీయ చాంపియన్ అయిన కాలేజీ అది!

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో బాస్కెట్‌బాల్ కోర్టు అంటే ఫ్రెషర్స్ పార్టీకి షామియానా వేసే చోటు. అక్కడ అలా కాదు. కెంటకీ రాష్ట్రానికి ఎన్‌బీఏ టీమ్ లేదు. ఉన్నదల్లా ఈ కాలేజీ ఆటే. రప్ అరీనాలో ఇరవై వేల మంది కూర్చుంటారు. కిరాణా కొట్టులో బిల్లు వేసే పెద్దావిడ కూడా నిన్నటి మ్యాచ్‌లో ఫ్రీ త్రోలు ఎందుకు పోయాయో చెబుతుంది.

ఆ టీమ్‌కి పదిహేనేళ్లు కోచ్ జాన్ కాలిపారి. ఆయన పద్ధతి తెలిసిందే. దేశంలోకెల్లా మంచి కుర్రాళ్లని ఇంటర్ అవ్వగానే తెచ్చుకోవడం, ఒక్క ఏడాది ఆడించి ఎన్‌బీఏకి పంపడం. 2012లో దాంతోనే కప్పు కొట్టాడు. తర్వాత ఆ మంత్రం మెల్లగా పాతబడింది. 2024 మార్చిలో ఓక్లాండ్ అనే చిన్న యూనివర్సిటీ చేతిలో 80-76తో ఓడి టోర్నీ మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చారు. జాక్ గోల్కీ అనే కుర్రాడు ఆ రోజు ఒక్కడే పది త్రీ-పాయింటర్లు కొట్టాడు. కొన్ని వారాలకే కాలిపారి ఆర్కన్సాకి వెళ్లిపోయాడు. ఆటగాళ్లలో కొందరు ఎన్‌బీఏకి, కొందరు ఆయన వెనకే, మిగతావాళ్లు తలో దిక్కుకి.

కొత్త కోచ్‌గా మార్క్ పోప్ పేరు చెప్పగానే ఫోన్లలో తిట్లే తిట్లు. కారణం లేకపోలేదు. ఆయన కెంటకీ 1996 చాంపియన్ టీమ్‌కి కెప్టెన్, నిజమే. కానీ కోచ్‌గా ఎన్‌సీఏఏ టోర్నీలో అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. రెండు రోజులు గడిచాయి. ఏప్రిల్ 14న ఆయన్ని పరిచయం చేస్తామంటే రప్ అరీనా కిక్కిరిసిపోయింది. మ్యాచ్ లేదు, టీమ్ కూడా లేదు! పాత తోటి ఆటగాళ్లతో బస్సులో వచ్చి, 1996 ట్రోఫీ పట్టుకుని దిగాడు. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో చెప్పను.

తర్వాత మొదలైంది అసలు పని. స్కాలర్‌షిప్ ఆటగాళ్లు పన్నెండు మంది, పన్నెండు మందీ కొత్త. ముగ్గురు ఫస్టియర్ పిల్లలు, మిగతా తొమ్మిది మంది వేరే కాలేజీల నుంచి మారి వచ్చినవాళ్లు. ఇదివరకు కాలేజీ మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాల్సి వచ్చేది. 2021లో ఆ రూల్ సడలించారు, 2024 నాటికి దాదాపు ఎత్తేశారు. ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవడానికీ 2021లోనే తలుపులు తెరుచుకున్నాయి. దానికి తోడు కోవిడ్ ఏడాదికి పరిహారంగా అందరికీ ఒక సంవత్సరం అదనంగా ఇచ్చారు. అలా పోప్‌కి దొరికినవాళ్లలో చాలామంది ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల సీనియర్లు. ఒకే ఏడాది ఉంటారు, వెళ్లిపోతారు.

మా గుంటూరు ఫ్రెండ్ ఒకడు అప్పుడే తేల్చేశాడు. "మావా, ఇది అద్దె ఇల్లు. దీనికి సున్నాలెందుకు వేయిస్తావ్?"

వాడి మాటలో తప్పు లేదు. అయినా నాకు ఎక్కలేదు. వాడూ నేనూ పద్దెనిమిదేళ్లప్పుడు హాస్టల్‌కి పోయినప్పటి నుంచి ఉంటున్నవన్నీ అద్దె కొంపలే కదా. అపార్ట్‌మెంట్ లీజు ఏడాదే, వీసాకీ గడువు ఉంది. అయినా ఉగాది వస్తే ఇండియన్ స్టోర్‌లో నాలుగు మామిడాకులు వెతికి మరీ గుమ్మానికి కడతాం. ఓనర్ మనమా కాదా అని గుమ్మం అడగదు.

ఇంకో సంగతి. అదే వేసవిలో మా ఆఫీసులోనూ టీమ్ చెదిరింది. కొన్నేళ్లు కలిసి పనిచేసిన తొమ్మిది మందిమి తలో ప్రాజెక్టులో పడ్డాం. కొత్త టీమ్‌లో నాలుగు ఊళ్లవాళ్లు. రోజూ పొద్దున స్టాండప్ కాల్‌లో నల్ల చతురస్రాలు, వాటి మీద పేర్లు. ఎవరి కెమెరా ఆన్ అవ్వదు. మొహాలే తెలియనివాళ్లతో ఎన్నాళ్లు ఉంటామో కూడా తెలియదు. అందుకే కాబోలు, పోప్ ఈ పన్నెండు మందిని ఎలా అతికిస్తాడా అని మామూలు కంటే ఎక్కువ ఆత్రంగా చూశాను.

ముందు పేర్లు నేర్చుకున్నాను. లమాంట్ బట్లర్: 2023లో శాన్ డియాగో స్టేట్ తరఫున సెమీఫైనల్ ఆఖరి క్షణంలో బుట్టలో వేసి గెలిపించినవాడు. కోబీ బ్రే: డేటన్‌లో ఆఖరి సీజన్‌లో విసిరిన త్రీలలో దాదాపు సగం లోపల వేసినవాడు. ఆండ్రూ కార్, జాక్సన్ రాబిన్సన్, ఎస్టోనియా నుంచి వచ్చిన కెర్ క్రీసా. అందరికంటే నాకు నచ్చింది అమారి విలియమ్స్. ఊరు ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్. ఏడడుగుల మనిషి. అంత పొడుగు ఆటగాణ్ని మామూలుగా బుట్ట కింద నిలబెడతారు. పోప్ మాత్రం బంతి ఆయన చేతికే ఇచ్చి కోర్టు మధ్యలో పెట్టాడు. చుట్టూ నలుగురు దూరం దూరంగా నిలబడతారు. కాపలా వాడు ఒక్క క్షణం ఆదమరిస్తే వాడి వెనక నుంచి ఒకడు బుట్ట వైపు దూసుకుపోతాడు, విలియమ్స్ పాస్ సరిగ్గా అక్కడికే వెళ్తుంది.

ఇది ఒక్కరి టాలెంట్‌తో అయ్యేది కాదు. వాడు పరిగెడతాడని వీడికి, వీడు ఇస్తాడని వాడికి ముందే నమ్మకం ఉండాలి. జూన్ దాకా ఒకరికొకరు ముక్కూ మొహం తెలియనివాళ్లు నవంబర్‌లో అలా ఆడుతుంటే చూడ్డం వేరే ఆనందం. మార్చిలో గెలుపోటములు మాత్రమే కనిపిస్తాయి. నవంబర్‌లో టీమ్ కళ్ల ముందే తయారవుతుంది. మొదటి రెండు మ్యాచుల్లోనూ స్కోరు వందకి చేరింది. చిన్న టీమ్‌ల మీద అనుకోండి, అయినా వందే.

నవంబర్ 12న డ్యూక్‌తో మ్యాచ్ మా అట్లాంటాలోనే పడింది. మంగళవారం రాత్రి, మర్నాడు పొద్దున్నే కాల్స్. అయినా వెళ్లాం. ఆ రాత్రి ముందు ఆడిన కాన్సస్‌దీ నీలమే, డ్యూక్‌దీ నీలమే, మాదీ నీలమే. ఎవరు ఎవరి మనిషో అరిస్తే గానీ తెలియలేదు. డ్యూక్‌కి కూపర్ ఫ్లాగ్ ఉన్నాడు. పదిహేడేళ్లకే దేశమంతా మోగిన పేరు. సగం ఆట అయ్యేసరికి మేము తొమ్మిది పాయింట్లు వెనక. నా పక్కన గుంటూరువాడు పాప్‌కార్న్ తింటూ "అద్దె ఇల్లు" అని మళ్లీ గొణిగాడు.

తర్వాత మెల్లగా మారింది. ఆండ్రూ కార్ బుట్ట దగ్గర వాళ్లని అలసిపోయేలా చేశాడు. ఒకప్పుడు పిల్లలతో అందర్నీ ఓడించిన కెంటకీ ఇప్పుడు ముదుర్లతో పిల్లల టీమ్‌ని వెంటాడుతోంది, తమాషా కదా. ఆఖరి నిమిషంలో ఫ్లాగ్ చేతిలోని బంతిని ఒటేగా ఓవే లాగేసుకున్నాడు. 77-72. ఫ్లాగ్ 26 పాయింట్లు కొట్టి కూడా ఓడిపోయాడు. ఎవరో తెలియని ఒక ముసలాయన నన్ను వాటేసుకుని ఊపేశాడు. ఫ్రెండ్ పాప్‌కార్న్ మొత్తం నేల మీద.

ఇక ఆగుతామా? పంతొమ్మిదో ర్యాంకులో ఉన్న టీమ్ డిసెంబర్ మొదటికి నాలుగుకి ఎక్కింది. తొమ్మిదో కప్పు గురించి లెక్కలు. వెంటనే క్లెమ్సన్‌లో 70-66తో ఓటమి. నాలుగు రోజులకి సియాటిల్‌లో గొంజాగా మీద పదహారు పాయింట్లు వెనకబడి, అదనపు సమయంలో 90-89తో గెలిచారు. ఆ మ్యాచ్‌లోనే క్రీసా పాదానికి దెబ్బ తగిలింది, మళ్లీ ఆ సీజన్‌లో ఆడలేదు. డిసెంబర్ 14న లూయిస్‌విల్ మీద బట్లర్ వేసిన పది షాట్లూ పడ్డాయి. 33 పాయింట్లు. మా ఆఫీసు టీమ్‌లో లూయిస్‌విల్ అభిమాని ఒకాయన ఉన్నాడు. సోమవారం కాల్‌లో మొదటిసారి కెమెరా ఆన్ చేశాడు, రిఫరీలని తిట్టడానికి! పెద్ద మీసాలున్నాయని అప్పుడే తెలిసింది.

మనవాళ్లకి ఈ జబ్బు అర్థమవుతుంది. ఆ నవంబర్‌లోనే జెడ్డాలో ఐపీఎల్ మెగా వేలం జరిగింది. సన్‌రైజర్స్ ఇషాన్ కిషన్‌ని 11.25 కోట్లకి కొన్నారు. మార్చిలో ఉప్పల్‌లో మొదటి మ్యాచే 286. కిషన్ సెంచరీ. ఇంకేముంది, ఈసారి 300 ఖాయమని ఊరూవాడా ఒకటే గోల. తర్వాత వరసగా నాలుగు ఓటములు, చివరికి ఆరో స్థానం. ఆ మొదటి సాయంత్రం ఉప్పల్‌లో ఉన్నవాణ్ని అడగండి, టికెట్ డబ్బులు వెనక్కి కావాలంటాడేమో.

కెంటకీ సంగతీ త్వరగా చెప్పేస్తా. ఫిబ్రవరి 1న కాలిపారి ఆర్కన్సాని తీసుకుని రప్ అరీనాకి వచ్చి 89-79తో గెలిచి పోయాడు. ఆ రాత్రి ఇంట్లో అన్నం దిగలేదు. రాబిన్సన్ మణికట్టు గాయంతో సీజన్‌కి దూరమయ్యాడు. అయినా ట్రాయ్, ఇల్లినాయ్‌లని ఓడించి 2019 తర్వాత మొదటిసారి చివరి పదహారులోకి వెళ్లారు. అక్కడ టెనెసీ చేతిలో 78-65. సీజన్‌లో రెండుసార్లు మేము ఓడించిన టెనెసీయే.

ఫోన్లో నాన్న అడిగారు, "అయితే వాళ్లంతా వెళ్లిపోతారేంట్రా?"

"చాలామంది వెళ్లిపోతారు నాన్నా."

"మళ్లీ కొత్తవాళ్ల పేర్లు బట్టీ పట్టాలా?" అని నవ్వారు. ముప్పై ఏళ్లు స్కూల్ టీచర్‌గా పనిచేసిన మనిషి. ప్రతి జూన్‌లో కొత్త హాజరు పట్టీతో మొదలుపెట్టినవారే.

బట్లర్, కార్, బ్రే, విలియమ్స్ వెళ్లిపోయారు. ఓవే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి పేరిచ్చి, వెనక్కి తీసుకుని, ఉండిపోయాడు. నాకు గుచ్చుకున్నది మాత్రం ట్రావిస్ పెరీ. కెంటకీ హైస్కూల్ అబ్బాయిల బాస్కెట్‌బాల్ చరిత్రలోనే ఎక్కువ పాయింట్లు కొట్టిన లోకల్ కుర్రాడు. సొంతవాడు ఎటూ పోడనుకుంటాం కదా. వాడూ అదే తలుపులోంచి మిసిసిపీకి వెళ్లాడు. ఇంగ్లండ్ నుంచి వచ్చినవాడు పోయినప్పుడు కూడా ఇంత అనిపించలేదు.

2025 అక్టోబర్ చివర్లో గుంటూరువాడి మెసేజ్: "మావా, ఈ ఏడాది లిస్టు పంపు. ఆ పాస్‌లిచ్చే పొడుగాయన ఉన్నాడా?"

"లేడు. ఇప్పుడు మలకై మొరీనో అని ఫస్టియర్ కుర్రాడు. వాడూ ఏడడుగులే. లెక్సింగ్టన్ పక్కూరే."

ఐదు నిమిషాలు ఏమీ రాలేదు. తర్వాత, "మొదటి మ్యాచ్ ఎన్నింటికి?"