పిడికెడు బియ్యం

ఆదివారం పొద్దున్నే చర్చికి బయల్దేరే ముందు వంటింటి గూట్లోని రేకు డబ్బా మూత తీసింది ఆ కోడలు. నాలుగు పిడికిళ్లు కూడా లేవు. వారం మొత్తానికి అంతే!

తెలుగు నేల మీద చాలా క్రైస్తవ కుటుంబాలకు ఈ డబ్బా సంగతి తెలుసు. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఇంటి ఇల్లాలు అందులోంచి పిడికెడు తీసి పక్కన వేస్తుంది. అది దేవుడి పాలు. ఆదివారం చర్చిలో కానుకల దగ్గర పోస్తుంది.

వాళ్లది మహబూబాబాద్ జిల్లా దోర్నకల్ దగ్గర పల్లె. అజరయ్య బిషప్పు తిరిగిన ప్రాంతం. 1912లో దోర్నకల్ బిషప్ అయిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. 1945లో కన్నుమూసేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల కూలీలే. పేదవాళ్లు కదా, వాళ్లనేం అడుగుతాంలే అనుకోలేదాయన. పుచ్చుకోవడమే కాదు, ఇవ్వడమూ పేదవాడి గౌరవమేనని నమ్మారు. క్రైస్తవుడు ఇవ్వాల్సిన తీరు గురించి పుస్తకమే రాశారు. కూలి గింజలే తప్ప డబ్బు పెద్దగా కళ్లజూడని ఇళ్లకు పిడికెడు బియ్యం అందుబాటులో ఉన్న కానుక.

కానీ ఆ ఆదివారం కోడలి బాధ వేరు. తాపీపని చేసే భర్త పరంజా మీద నుంచి జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. రెండు నెలలుగా కూలి లేదు. పొయ్యి ఒక్కపూటే వెలిగిన రోజులూ ఉన్నాయి. అక్కడేమో కోతపండుగకు ఎవరెంత ఇచ్చిందీ పేర్లతో సహా చదివారు. అందరి ముందూ ఇంత చిన్న మూట విప్పడమెలా? పక్కింట్లో రెండు మానికలు బదులు తెద్దామని గిన్నె పట్టుకుని గడప దాటబోయింది.

అత్త ఆపింది.

‘‘అప్పు తెచ్చి పోస్తే అది కానుక గాదు బిడ్డా. మన పరువు కోసం పోసినట్టు. ఎసరు పెట్టిన పూటకే పిడికెడు. పెట్టని పూటకు దేవుడు లెక్కడగడు.’’

చదువురాని ఆ పెద్దావిడ మాటకు బైబిల్లోనే ఆధారం ఉంది. లేవీయకాండం ప్రకారం గొర్రెను తేలేనివాడు రెండు పావురాలు తేవచ్చు. అవీ తేలేకపోతే కాస్త పిండి చాలు. మరియ, యోసేపులు పసివాడైన యేసును దేవాలయానికి తీసుకొచ్చినప్పుడు లూకా సువార్త చెప్పే అర్పణ కూడా పక్షుల జతే. లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే కానుక అంగీకారమవుతుందని పౌలు కొరింథు సంఘానికి రాశాడు.

రెండు కాసులు వేసిన విధవరాలి కథ అందరికీ తెలిసిందే. పేదల్ని ఇంకా ఇమ్మనడానికి ఆ కథ చెప్పేవాళ్లూ ఉన్నారు. మార్కు సువార్తలో దానికి ముందు మాటలు మాత్రం మర్చిపోతారు. విధవరాళ్ల ఇళ్లు మింగే శాస్త్రులను యేసు అక్కడే గద్దించాడు!

ఆ రోజు కోడలు ఉన్న బియ్యమే కొంగున కట్టుకుని వెళ్లింది. తన వంతు వచ్చేసరికి చెయ్యి వణికింది. గంపలో పోసి, తలెత్తకుండా వచ్చి చాప మీద కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు.

దసరా నాటికి భర్త మళ్లీ పనికెక్కాడు. మొదటి వారం కూలితో బియ్యం బస్తా వచ్చింది. ఆ సాయంత్రం కోడలు ఎప్పట్లాగే పిడికెడు తీసి డబ్బాలో వేసి మూత పెట్టబోయింది. మంచంలో కూర్చున్న అత్త అటే చూస్తోంది.

‘‘లేనినాడు తగ్గించినం గదా బిడ్డా. మరి ఉన్ననాడు?’’

కోడలు నవ్వేసింది. బస్తాలో మళ్లీ చెయ్యి పెట్టింది.