ముద్దాయి తరఫున ఎవరు?

బదిలీ ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో కొన్ని సామాన్లు తగ్గుతాయి. కామిక్స్ పెట్టె మాత్రం తగ్గదు. అలా అది నాతోపాటు కోల్‌కతాలోని ఏక్‌బాల్‌పూర్‌కూ వచ్చింది. ఖిదిర్‌పూర్ డాక్, గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే కేంద్ర కార్యాలయం అక్కడికి దగ్గరే. ఆ ఉద్యోగాల మీద వచ్చిన కుటుంబాల పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని.

వాదన ఎలా రాయాలో నేర్పడానికి ఒకసారి తరగతినే కోర్టు చేశాం. కేసు, 2007లో మార్వెల్ కామిక్స్‌లో వచ్చిన కెప్టెన్ అమెరికా హత్య. సంకెళ్లతో న్యూయార్క్ కోర్టు మెట్ల మీద ఉండగా ఆ ముసుగు వీరుణ్ణి కాల్చారు. ముద్దాయి క్రాస్‌బోన్స్. ప్రాసిక్యూటర్‌గా ఉంటామని పదకొండు చేతులు లేచాయి. ముద్దాయి తరఫున ఒక్కటీ లేవలేదు.

"వాడు విలన్ కదా మేడమ్, ఇంక విచారణెందుకు?" అన్నాడొకడు.

అరెస్టయిన మనిషికి న్యాయవాదిని పెట్టుకునే హక్కును మన రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిందని, డబ్బు లేనివాళ్లకు ఉచిత న్యాయసహాయం అందించాలని 39ఏ చెబుతోందని వివరించాను. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. చేరి నెల కాలేదు. నాలుగేళ్లలో అది తనకు మూడో బడి.

పుస్తకం ఇంటికిచ్చి పంపితే మూడుసార్లు చదివొచ్చింది. దూరం నుంచి తొలి తూటా పేల్చింది క్రాస్‌బోన్సే. ఆ గందరగోళంలో దగ్గర నుంచి కాల్చింది మాత్రం వీరుడు ప్రేమించిన షారన్ కార్టర్. ఆమె మనసును అప్పటికే డాక్టర్ ఫాస్టస్ వశం చేసుకున్నాడు. అందరి వెనకా ఉన్నది రెడ్ స్కల్.

"నా క్లయింటును వదిలేయమనడం లేదు, మిలార్డ్. అతను చేసినదానికి శిక్ష వేయండి. పక్కవాళ్లు చేసింది కూడా అతని నెత్తిన రుద్దకండి" అంది.

కుట్రలో పాలుపంచుకున్నవాడు తప్పించుకోలేడని జడ్జి అబ్బాయి తీర్పిచ్చాడు. అయితే ఫాస్టస్‌నూ, రెడ్ స్కల్‌నూ బోనెక్కించాకే శిక్ష చెబుతానన్నాడు.

గంట కొట్టాక, విలన్ మీద అంత జాలెందుకని ఆ పిల్లనడిగాను.

"జాలి కాదు మేడమ్. కొత్త బడిలో ఎవరి పెన్సిల్ పోయినా ముందు నా బ్యాగు వైపే చూస్తారు. నన్ను మాత్రం ఎవరూ అడగరు."

పిల్లలూ, మీలో చాలామందికి ఆ చూపు తెలిసే ఉంటుంది. వచ్చే ఏప్రిల్‌లో మీ తరగతికీ ఒక కొత్త మొహం వస్తుంది. ఏదైనా పోతే ముందు ఆ బ్యాగు వెతక్కండి. పక్కన కూర్చుని, ఏం జరిగిందో చెప్పమనండి.